కాలదోషం పట్టని బాకీ

కొల్లేటికోటలో మా పుట్టింటి వీధితలుపు శ్రావణంలో బిగిస్తే కార్తీకం దాకా తన్నితే గాని తెరుచుకోదు. జాడీలో ఉప్పు నీళ్ళవుతుంది. అగ్గిపుల్ల గీస్తే మెత్తగా నలుగుతుంది తప్ప మండదు. వేయించిన అప్పడం విస్తట్లో పడేలోపలే నీరసించి వాలిపోతుంది. ఒకవైపు కొల్లేరు, మరోవైపు చేపల చెరువులు, మధ్యలో మేము. మా ఊళ్ళో గాలిలో నీళ్ళున్నాయో, నీళ్ళలో గాలుందో చెప్పడం కష్టం.

ఇంతకీ ఈ తేమపురాణం ఎందుకు విప్పానంటే, మా తమ్ముడు స్పోర్ట్సు కారు కొన్నాడు. అప్పడానికీ కారుకీ సంబంధం ఏమిటని నవ్వకండి. ఉంది. చెబుతాను.

కైకలూరు దగ్గర మావాడికి చెరువులున్నాయి. రెండేళ్ళు పట్టుబడి బాగుండి చేతిలో నాలుగు డబ్బులాడేసరికి చిన్ననాటి సరదా ఒకటి నిద్రలేచింది. హైదరాబాదు వెళ్ళి ఎర్రటి, రెండు తలుపుల విదేశీ కారొకటి తెచ్చాడు. నేలకు జానెడెత్తున ఉంటుంది. మా రోడ్ల గుంటల్లో అది కారులా కాదు, దోనెలా నడుస్తుంది. తయారై పన్నెండేళ్ళయింది. మావాడు దానికి నాలుగో యజమాని. "పాతదేగాని కండిషన్లో ఉందక్కా!" అన్నాడు. పెద్దింట్లమ్మ గుడి ముందు నిలబెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. దిష్టి పోయిందన్నారు. పోయే ఉంటుంది. దిష్టి సంగతి అమ్మవారు చూసుకుంటుంది. కంపెనీవాళ్ళు చేసిన తప్పు కూడా ఆవిడే చూసుకోవాలంటే మాత్రం అన్యాయం.

ఆ తప్పు బయటపెట్టింది మా మేనకోడలు. తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో చదువుతోంది. శనివారం సాయంత్రం వాళ్ళ నాన్న ఆ ఎర్రకారు వేసుకుని వెళ్ళి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తెస్తాడు. ఒక ఆదివారం ఊసుపోక, బండి పదిహేడక్షరాల ఛాసిస్ నెంబరును కంపెనీవారి వెబ్‌సైట్లో కొట్టి చూసింది. "ఈ వాహనానికి రీకాలు మరమ్మతు ఒకటి చేయవలసి ఉంది" అని వచ్చింది. ఏమిటా మరమ్మతు అంటే ముందు సీటు ఎయిర్‌బ్యాగు. ఏ ముందు సీటు? డ్రైవరు పక్కది. అనగా ప్రతి శనివారం అది కూర్చునే సీటు. ఆ పిలుపు కంపెనీవారు ఎన్నో ఏళ్ళ కిందటే ఇచ్చారు. మొదటి యజమాని పట్టించుకోలేదో, రెండోవాడికి తెలియదో, మూడోవాడు తెలిసే అమ్మాడో, ఆ దేవుడికే ఎరుక. శీతాకాలం వచ్చేసరికి ఎవరూ పిలవకుండానే ఎక్కడెక్కడి పక్షులూ తిరిగొచ్చే చోటు మాది. పిలిచినా తిరిగి వెళ్ళని బండి కూడా మా గుమ్మంలోనే నిలబడింది.

రీకాలు అన్న మాటకు మనవాళ్ళు చెప్పుకునే అర్థాలు చిత్రంగా ఉంటాయి. కంపెనీవాడు ఉచితంగా ఏదో మార్చి ఇస్తాడట అంటారు, పండక్కి సబ్బు కొంటే స్పూను ఇచ్చినట్టు. కాదు. రీకాలంటే తయారుచేసినవాడు తన తప్పు తానే ఒప్పుకోవడం. "మేము అమ్మిన వస్తువులో ప్రాణానికి ముప్పు తెచ్చే లోపం ఉంది, తీసుకురండి, మా ఖర్చుతో బాగుచేస్తాం" అనడం. అది బహుమానం కాదు, ఒప్పుకున్న బాకీ. ఆ బాకీకి కాలదోషం పట్టనివ్వకూడదన్నదే నా వాదన.

ఇప్పుడు అప్పడం దగ్గరికి వస్తాను. ఎయిర్‌బ్యాగు రీకాళ్ళలో ప్రపంచంలోకెల్లా పెద్దది తకాటా అనే జపాను కంపెనీ సరఫరా చేసిన బ్యాగులది. 2008లో చిన్నగా మొదలై, చివరకు ఒక్క అమెరికాలోనే 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లకు పాకింది. మన దేశంలో కూడా ఈ బ్యాగుల కోసం వేలకు వేల కార్లను వెనక్కి పిలిచారు. ఇన్‌ఫ్లేటరంటే బ్యాగు వెనక ఉండే లోహపు డబ్బా. గుద్దుకోగానే అందులోని మందు అంటుకుని, పుట్టిన వాయువు రెప్పపాటులో బ్యాగును ఉబ్బిస్తుంది. తకాటావారు వాడిన మందు అమ్మోనియం నైట్రేటు. ఎరువుగా కూడా వాడే పదార్థం. వర్షాకాలంలో ఎరువు బస్తా మూతి విప్పి వదిలేస్తే ఏమవుతుందో మన రైతులను అడగండి. తేమ పీలుస్తుంది, గడ్డ కడుతుంది, మళ్ళీ పొడవుతుంది. ఆ డబ్బాలో కూడా ఏళ్ళ తరబడి వేడీ తేమా తగిలి మందు చెడింది. చెడిన మందు ఉండవలసిన దానికన్నా వేగంగా మండుతుంది. డబ్బా పగిలి, ఇనుప ముక్కలు మనిషి గొంతుకీ మొహానికీ ఎదురొస్తాయి. ప్రాణం కాపాడవలసిన సంచి ప్రాణం తీస్తుంది. అమెరికాలో పాతికమందికి పైగా అలా పోయారు. పరీక్షల ఫలితాలు మార్చి చూపించామని ఆ కంపెనీ 2017 ఫిబ్రవరిలో నేరం ఒప్పుకుంది, జూన్‌లో దివాలా తీసింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఈ లోపం కొత్తకారులో కన్నా పాతకారులో ప్రమాదం. చల్లటి పొడి దేశంలో కన్నా ఫ్లోరిడాలాంటి ఉక్క ప్రదేశంలో ప్రమాదం. అమెరికా ప్రభుత్వం ముందు మార్పించమన్నది కూడా అలాంటి ప్రాంతాల్లోని పాత బండ్లకే. ఇక మా కొల్లేటికోటను ఏ లెక్కలో వెయ్యాలో మీరే చెప్పండి. అప్పడమే బతకలేని గాలి ఇది.

సరే, బండికి వైద్యుణ్ణి వెతకడం మొదలుపెట్టాం. మా తమ్ముడు నోరులేనివాడు. అంచేత నేను వెంటపడ్డాను.

మొదట నగరంలో పెద్ద అద్దాల షోరూముకు వెళ్ళాం. చల్లగా ఉంది. కాఫీ ఇచ్చారు. టై కట్టుకున్న కుర్రవాడు కంప్యూటరు చూసి, "మేడమ్, మీ పేరు మా రికార్డుల్లో లేదు, మొదటి ఓనరు పేరే ఉంది, ఆయన్ని పంపండి" అన్నాడు. బాకీ ఉన్నది బండికా, మనిషికా? ఇల్లు కొన్నవాడి దగ్గరికి వచ్చి, పైకప్పు కూలేది మీ మీద కాదు, పాత యజమాని మీద అన్నట్టుంది. కాస్త గట్టిగా అడిగితే, "ఆ మోడలు ఆగిపోయింది, పార్టు లేదు, వస్తే ఫోను చేస్తాం" అన్నాడు. అందాకా నడపవచ్చా అంటే నవ్వాడు. ఆ నవ్వుకు అవుననీ అర్థం ఉంది, కాదనీ అర్థం ఉంది, ఏం జరిగినా నన్ను అడగొద్దనీ అర్థం ఉంది. ఫోను రాలేదు.

రెండోవాడు స్కానరు డాక్టరు. కారుకు తీగ తగిలించి, తెర మీద పచ్చగీత చూపించి, "ఎయిర్‌బ్యాగులో ఒక్క లోపం లేదమ్మా, దీపం కూడా వెలగట్లేదు చూడండి" అని ఐదువందలు తీసుకున్నాడు. ఆ యంత్రం తీగలు కలిశాయో లేదో చూస్తుంది. డబ్బాలో మందు చెమ్మగిల్లిందో లేదో దానికి తెలియదు. నాడి పట్టుకుని పళ్ళు బాగున్నాయని చెప్పినట్టు ఉంది.

మూడోవాడు ధైర్యవంతుడు. "బ్యాగు పీకేస్తే గొడవే ఉండదు, దీపం వెలక్కుండా లోపల చిన్న ముక్క పెట్టేస్తా, ఎవరికీ తెలీదు" అన్నాడు. ఎవరికీ తెలియకపోవడమే కదయ్యా అసలు ప్రమాదం! రేపు మావాడు ఈ కారు అమ్మితే, కొన్నవాడు బ్యాగు ఉందనుకుని పిల్లల్ని కూర్చోబెట్టడూ?

నాలుగోవాడి బోర్డు మీదే స్పెషలిస్టు అని ఉంది. విదేశీ కార్లే చూస్తాడట. తుక్కుకు వెళ్ళిన అదే మోడలు కారులోనించి ఒరిజినల్ బ్యాగు తెప్పించి వేస్తానన్నాడు. మా తమ్ముడు ఒరిజినల్ అన్న మాట వినగానే పర్సు తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. 2017 మార్చిలో లాస్‌వెగాస్‌లో జరిగింది ఇదే. ఒక అమ్మాయి 2002 నాటి హోండా అకార్డులో వెళుతూ చిన్న ప్రమాదంలో చిక్కుకుంది. బ్యాగు పేలి ఇనుపముక్క గొంతులో దిగింది. అదృష్టం బాగుండి బతికింది. తీరా చూస్తే ఆ బ్యాగు ఆ కారుది కాదు. 2001 అకార్డులోనించి తీసి, ఎవరో మరమ్మతుదారు అంతకుముందే అందులో వేశాడు. సెకండ్‌హాండులో కొన్న ఆ ఇంటివాళ్ళకు ఆ సంగతే తెలియదు. ఒరిజినలే మరి! ఒరిజినల్ విషం.

చివరికి తాడేపల్లిగూడెంలో, మేనకోడల్ని దింపడానికి బస్సులో వెళ్ళినరోజు, ఒక ముసలి మేస్త్రిని కలిశాను. అంబాసిడర్ల కాలంనించీ పనిచేస్తున్న మనిషి. నేను చెప్పినదంతా విని, చేతులు గుడ్డకు తుడుచుకుని, "ఇది నేను ముట్టనమ్మా. ఇంజనంటే విప్పుతా, గేరుబాక్సంటే విప్పుతా. ఇది మందుగుండు. దీనికి చదువు కావాలి, కంపెనీ పార్టు కావాలి. నాకు రెండూ లేవు" అన్నాడు. తర్వాత నా దగ్గరున్న ఆర్‌సీ కాగితంలో పదిహేడక్షరాల నెంబరు చూసి, క్యాలెండరు వెనక రాసి చూపించి, "ఇది వేసి కంపెనీ హెడ్డాఫీసుకు రిజిస్టరు ఉత్తరం రాయండి, ముట్టినట్టు రసీదు దాచండి, పని అయ్యేదాకా అమ్మాయిగారిని ఆ సీట్లో కూర్చోనివ్వకండి" అన్నాడు. ఎంత ఇమ్మంటారు మేస్త్రిగారూ అంటే, "ఏం పని చేశానమ్మా తీసుకోడానికి?" అన్నాడు.

నమ్మదగిన స్పెషలిస్టు ఎవరని మీరెవరైనా నన్నడిగితే ఇదీ నా జవాబు: తన చేతికి అందని పని ఏదో తెలిసినవాడు, ఆ సంగతి డబ్బు పోతున్నా చెప్పేవాడు. బోర్డు చూసి నమ్మకండి, కాఫీ చూసి నమ్మకండి. నేను చెయ్యను అన్న మాట వినబడిన చోట కాసేపు కూర్చోండి.

ఉత్తరాలు రాయడం నా వృత్తికి దగ్గరి పనే కదా. ఒకటి రాశాను, జవాబు లేదు. రెండోది రాశాను, విచారిస్తున్నామన్నారు. మూడో ఉత్తరంలో వినియోగదారుల కమిషను పేరెత్తాను. ఆ తర్వాత కదలిక వచ్చింది. నెలలు గడిచాక పార్టు వచ్చింది. బండిని లారీ మీద ఎక్కించి పంపాం. కొత్త డబ్బా వేసి, మార్చిన పార్టు నెంబరుతో కాగితం ఇచ్చారు. పైసా తీసుకోలేదు. అందాకా మా పిల్ల ప్రతి శనివారం బస్సులోనే వచ్చింది. కథ సుఖాంతమే. కాని నాకు సుఖంగా లేదు. ఎందుకంటే మూడు ఉత్తరాలు రాసే అక్క లేని బండ్లు ఎన్నున్నాయో తలుచుకుంటే నిద్ర పట్టదు.

ఇక చట్టం సంగతి. మన మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి, లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వం పుచ్చుకుంది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. సంతోషం. కాని అందులో ఒక చిన్న మెలిక ఉంది. తయారై ఏడేళ్ళు దాటని బండ్లకే ఆ బలవంతం వర్తిస్తుంది. ఆ తర్వాత పిలవడం, పిలవకపోవడం కంపెనీవారి దయ.

ఏడేళ్ళన్న లెక్క ఎవరు కట్టారండీ? బండి కొన్నరోజున మన దగ్గర లైఫ్ టాక్సని కట్టించుకుంటారు. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు ఇస్తారు. అనగా రోడ్డు మీద తిరగడానికి బండి ఆయుర్దాయం పదిహేనేళ్ళు, కంపెనీవాడి బాధ్యతకు మాత్రం ఏడేళ్ళు. మిగతా ఎనిమిదేళ్ళూ ఎవరి ఖాతాలో? పైగా తేమకు చెడే మందులాంటి లోపాలు మొదటి ఏడేళ్ళలో బయటపడకుండా తర్వాతే పడతాయి. ప్రమాదం మొదలయ్యే వేళకు చట్టం గొడుగు ముడిచి ఇంటికి పోతుందన్నమాట.

మా నాన్నగారి అంబాసిడరులో దాచిన మందుగుండు లేదు. అందులో ఏది చెడినా కీచుమని చెప్పేది, లేదా ఆగిపోయేది. ఏలూరులో ఏ మేస్త్రయినా విప్పి చూపించేవాడు. ఇప్పటి బండిలో చెడినది చెప్పదు, చూపదు. అంచేత చెప్పవలసిన పూచీ చేసినవాడి మీదా, ప్రభుత్వం మీదా ఇదివరకటి కన్నా ఎక్కువ ఉంది, తక్కువ కాదు.

"పన్నెండేళ్ళ బండికి కూడా పరిగెత్తమంటే కంపెనీలు బతుకుతాయా?" అని నన్నొక పెద్దమనిషి అడిగాడు. ఆస్ట్రేలియాలో పరిగెత్తించారు. 2018 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రభుత్వం తకాటా రీకాలును నిర్బంధం చేసింది. 30 లక్షల బండ్లు, 40 లక్షల బ్యాగులు. 2020 డిసెంబరు 31 గడువు పెట్టింది. కంపెనీలు ఉత్తరాలు రాశాయి, ఫోన్లు చేశాయి, మనుషుల్ని ఇళ్ళకు పంపాయి. మార్పించుకోని బండ్లకు కొన్ని రాష్ట్రాలు రిజిస్ట్రేషనే రద్దు చేశాయి. గడువునాటికి దాదాపు అన్ని బ్యాగులూ లెక్కకు వచ్చాయి. కంపెనీలు బతికే ఉన్నాయి. మనుషులు కూడా బతికారు.

ఇంకొకాయన మరో మాటన్నాడు. "స్పోర్ట్సు కారు డబ్బున్నవాడి ఆటబొమ్మ, దానికింత వ్యాసమా?" అని. మంచి ప్రశ్నే. మా తమ్ముడి సరదా మీద నాకూ జాలి లేదు. కాని ఎయిర్‌బ్యాగు ఎర్రకారుకు ఒకటి, తెల్లకారుకు ఒకటి ఉండదు. కైకలూరు సెంటరులో అద్దెకు తిరిగే పాత తెల్లకారునే తీసుకోండి. ముగ్గురు చేతులు మారి వచ్చింది. అప్పు చేసి కొన్న కుర్రవాడు నడుపుతున్నాడు. పెళ్ళికూతురినీ, పురిటికి వెళ్ళే ఆడపిల్లనూ అందులోనే ఎక్కిస్తాం. ఆ బండి నెంబరు మీద ఏ పిలుపు ఉందో ఆ కుర్రవాడికి ఎవరు చెప్పారు? ఎర్రకారు వల్ల నాకు సంగతి తెలిసింది, అంతే. నేను వాదించేది తెల్లకారు కోసం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బండి పేరు మారినప్పుడల్లా రిజిస్ట్రేషను ఆఫీసుకు వెళతాం. ఏటా బీమా కడతాం. పొగ పరీక్ష చేయిస్తాం. పదిహేనేళ్ళకు మళ్ళీ రిజిస్ట్రేషనంటే బండినే తీసుకెళ్ళి నిలబెడతాం. ఇన్ని గుమ్మాల్లో ఏ ఒక్క గుమ్మం దగ్గరైనా ఆ పదిహేడక్షరాలు చూసి, "అయ్యా, మీ బండికి కంపెనీ బాకీ ఉంది, ముందది వసూలు చేసుకోండి" అని ఒక్క ముక్క చెప్పలేరా? హెల్మెట్టు లేదని ఫొటో తీసి ఇంటికి చలానా పంపగలిగిన ప్రభుత్వం, మీ ప్రాణానికి ముప్పుందని ఒక కాగితం పంపలేదంటే నేను నమ్మను. నాలుగో యజమాని అడ్రసు కంపెనీకి తెలియకపోవచ్చు, ప్రభుత్వానికి తెలుసు. ఆ ఏడేళ్ళ గడువు కొట్టేసి, బండి రోడ్డు మీద ఉన్నంతకాలం బాకీ ఉన్నట్టే అని రాయాలి.

అది జరిగేదాకా మన పని మనం చేద్దాం. మీ ఇంట్లో పాతకారు ఉంటే ఇవాళే ఆర్‌సీ కాగితం తీయండి. ఛాసిస్ నెంబరు అని ఉంటుంది. మీకు చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లనడగండి, నిమిషంలో కంపెనీవారి వెబ్‌సైట్లో చూసి చెబుతుంది. ఏమీ లేదంటే కాఫీ తాగండి. ఉందంటే పార్టు లేదన్నవాడి మాటా, పీకేస్తానన్నవాడి మాటా వినకుండా ఉత్తరం రాయండి. రసీదు దాచండి. జవాబు రాకపోతే ఇంకోటి రాయండి.

మా వీధితలుపు సంగతి మొదట్లోనే చెప్పాను కదా. తన్నితే గాని తెరుచుకోదు. కంపెనీల తలుపులు కూడా ఆ కర్రతోనే చేసినట్టున్నారు.